దుర్యోధనుడు పడనన్నాడు

తిరుపతి,
ఫిబ్రవరి 9.

మరదలు లోకేశ్వరికి,

మేమిక్కడ బాగానే ఉన్నాం. నీ కొడుకు మాకన్నా బాగున్నాడు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నా తమ్ముడు నీ పక్కనే కూర్చుని స్పీకర్ పెట్టమంటాడు. తను నోరు తెరవడు గానీ చెవులు మాత్రం మూయడు. నీ మొగుడి మీద నాలుగు చాడీలు చెప్పాలన్నా నాకు పోస్టు డబ్బాయే గతి.

నువ్వు ఊళ్లో అందరికీ ఢిల్లీబాబు తిరుపతిలో బడికి పోతున్నాడని చెబుతున్నావట. ముప్పై దాటినవాడికి బడేమిటమ్మా? మాది బొమ్మల కొట్టం. డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక పెరట్లో రేకుల షెడ్డు వేసి పెట్టాను. నీ కొడుకులా డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు, ఆటిజం ఉన్నవాళ్లు, మాట నిదానంగా వచ్చేవాళ్లు పొద్దున్నే వస్తారు. అందరూ పెద్దవాళ్లే. సాయంత్రం దాకా రంగులు పూస్తారు, మట్టి పిసుకుతారు, డప్పు వాయిస్తారు, మిగిలిన సమయంలో నాతో పోట్లాడతారు. దీన్ని బడి అంటే వాళ్లకు కోపం వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈసారి మేం నాటకం వేస్తున్నాం. మీ పల్లె పరంధామయ్య అయ్యవారు వారానికోసారి బస్సెక్కి వచ్చి నేర్పిస్తున్నాడు. ఆయన వీధినాటకాల్లో వేయని వేషం లేదు కదా. వేసవిలో మీ పల్లె భారతం తిరునాళ్లకు ఈసారి నాటకం జట్టు దొరకలేదట. "ఆఖరి రోజు ఆట మీ పిల్లోళ్ల సేత ఆడిస్తాం తల్లీ" అన్నాడు. నేను సరే అనేశాను. అన్న తరవాత భయమేసింది.

నీ కొడుక్కి రాజు వేషం వచ్చింది. కిరీటం అట్టతో తనే చేసుకున్నాడు. అన్నం తినేటప్పుడు కూడా తీయడం లేదు. ఏ రాజో ఇప్పుడు చెప్పను, చూసినప్పుడు తెలుస్తుంది.

ఊరగాయ అయిపోయింది. సిగ్గు విడిచి అడుగుతున్నాను.

నీ వదిన,
వసంతమ్మ


బంగారుపాళ్యం,
ఫిబ్రవరి 20.

వదినకు లోకేశ్వరి నమస్కారాలు.

నీ ఉత్తరం చదువుకుని మురిసిపోయాను. ఏ రాజో చెప్పకపోతే నాకు తెలియదనుకున్నావా? ధర్మరాజే. వాడి ముఖంలో ఆ శాంతం చిన్నప్పటి నుంచీ ఉంది. పాలకేంద్రం దగ్గర అందరికీ చెప్పేశాను. మా ఎదురింటామె "ధర్మరాజు జూదమాడి అందరినీ పోగొట్టినాడు గదా" అంది. ఆమెతో మాటలు మానేశాను.

ఊరగాయ రెండు జాడీలు పంపుతున్నాను. ఒకటి నీది, ఒకటి వాడిది. కలపవద్దు. వాడికి తెలిసిపోతుంది.

ఇంకొక మాట. చెప్పాలంటే నాకే కష్టంగా ఉంది. తిరునాళ్లయ్యాక వాడిని ఇంటికి తెచ్చేయాలని మీ తమ్ముడంటున్నాడు. జూన్‌లో మామిడికాయ గుజ్జు ఫ్యాక్టరీ మొదలవుతుంది. గేటు దగ్గర కూర్చుని వచ్చే లారీలకు టోకెన్లు ఇచ్చే పని, యజమాని ఒప్పుకున్నాడు. ఇంటికి కూతవేటు దూరం. మధ్యాహ్నం వచ్చి వేడి అన్నం తిని పోవచ్చు. ఎన్నాళ్లని బొమ్మలతో ఆడుకుంటాడని మీ తమ్ముడంటున్నాడు. కన్నవాళ్ల కళ్లముందు ఉంటే ఆ ధైర్యమే వేరని కూడా అంటున్నాడు. రాత్రుళ్లు వాడి మంచం ఖాళీగా కనిపిస్తే నిద్ర పట్టదని కూడా అంటున్నాడు.

నేనేమంటాను చెప్పు. ఆయన మాట కాదనలేను కదా.

మరదలు,
లోకేశ్వరి


తిరుపతి,
మార్చి 6.

లోకేశ్వరికి,

నా తమ్ముడు పుట్టినప్పటి నుంచి నాకు తెలుసు. పెళ్లిచూపుల్లో నిన్ను చూసి "ఊ" అన్నాడు. అంతే, దానికే పెళ్లయిపోయింది. అలాంటివాడు నీ ఉత్తరంలో మాత్రం ఉపన్యాసాలిస్తున్నాడు. ఖాళీ మంచం గురించి కూడా మాట్లాడుతున్నాడంటే వాడికి ఏదైనా జబ్బు చేసిందేమో, చిత్తూరులో మంచి డాక్టరుకు చూపించు.

సరే, నా బాధ నేను చెబుతాను. వాడిని తీసుకుపోవద్దు. ఇక్కడ వాడు ఆడుకోవడం లేదు. పొద్దున అందరికంటే ముందు లేచి షెడ్డు తాళం తీసేది వాడే. ఏ రంగు ఎంత కలపాలో చెప్పేది వాడే. మొన్న నేను ఆకాశానికి నీలం కలుపుతుంటే బ్రష్షు లాక్కుని "అత్తా, ఇది అలిపిరి ఆకాశం గాదు. పో, కాఫీ తాగిరా" అన్నాడు. ఇన్నేళ్లు డ్రాయింగ్ టీచరుగా చేసినదాన్ని, నోరు మూసుకుని పోయి కాఫీ తాగాను. తిరిగొచ్చేసరికి ఆకాశం నిజంగానే బాగుంది. అలాంటివాడిని గేటు దగ్గర కూర్చోబెడతారా? టోకెన్ ఇచ్చే పని తక్కువదని కాదు. వాడికి నచ్చితే పోనీ. వాడికి నచ్చిందా అని మీ ఇద్దరిలో ఎవరైనా అడిగారా?

ఇక రెండో సంగతి. కోపగించుకోనని ఒట్టేసి చదువు. వాడు ధర్మరాజు కాదు. దుర్యోధనుడు.

వేషాలు వాళ్లకు వాళ్లే ఎంచుకున్నారు. గద చూడగానే నీ కొడుకు "ఇది నాది" అన్నాడు. భీముడికీ ఒక గద ఉంటుందని చెబితే, "ఆయనది ఆయనకు ఉండనీ" అన్నాడు. భీముడు ఎవరనుకున్నావు? యతిరాజులు గారి అమ్మాయి రంగప్రియ. వాళ్ల నాన్న గుళ్లో సేవ చేస్తాడు, ఇంట్లో గట్టిగా తుమ్మరు. ఆ పిల్లకి ఎవరైనా తాకితే పడదు, ఎవరినీ తాకదు. రూలు రూలే. ద్రౌపది వేషం కౌస్తుభ్‌ది. వాడికి నడుందాకా జుట్టుంది, నవ్వొస్తే ఆగదు. వస్త్రాపహరణం ఘట్టంలో నవ్వీ నవ్వీ ఎక్కిళ్లు పెట్టాడని ఆ ఘట్టం తీసేశాం.

నీ వదిన,
వసంతమ్మ


బంగారుపాళ్యం,
మార్చి 12.

వదినా,

దుర్యోధనుడా!

మన పల్లెలో ఆఖరి రోజు ఏం జరుగుతుందో నీకు తెలియదా, ఈ ఊరి ఆడపడుచువేగా? నేల మీద లారీ అంత మట్టి దుర్యోధనుడిని పడుకోబెడతారు. వేషగాళ్లు దాని చుట్టూ తిరిగి యుద్ధం చేస్తారు. భీముడు బొమ్మ తొడ పగలగొడతాడు, లోపల దాచిన కుండలోంచి ఎర్రనీళ్లు చిమ్ముతాయి, ద్రౌపది అది తలకు రాసుకుని జుట్టు ముడేసుకుంటుంది. వేషం కట్టినవాడు కింద పడి చస్తాడు. ఊళ్లో ఆడవాళ్లందరూ చీపుర్లు చేటలు తీసుకుని ఆ బొమ్మని బాదుతారు. దుర్యోధనుడు పడేదాకా ఊళ్లో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించరు. ఇదంతా చిన్నప్పటి నుంచి చూసినదానివి, నా కొడుకుని తీసుకుపోయి అక్కడ పెడతావా?

నేను కన్నది వాడొక్కడినే. వాడు పుట్టినప్పుడు ఆ డాక్టరమ్మ మాటలకు నేను ఎంత ఏడ్చానో నీకు తెలుసు. ఇప్పుడు ఊరందరి ముందు వాడు చచ్చిపోతే, నేను చీపురు పట్టుకుని వాడిని కొట్టాలా?

ఇంకో ఊరగాయ జాడీ కట్టి గుమ్మంలో పెట్టాను. విప్పేసి లోపల పెట్టేశాను.

లోకేశ్వరి

మీ తమ్ముడికి జబ్బేమీ లేదు.


తిరుపతి,
ఏప్రిల్ 3.

కోపంగా ఉన్న నా మరదలికి,

జాడీ విప్పావన్న మాట చదివి నేను నిజంగా కుంగిపోయాను. అయినా రాస్తున్నాను.

నీ కొడుకు చచ్చిపోతాడని నువ్వు బెంగపడుతున్నావు. మా బెంగ వేరే. వాడు చావడం లేదు. ఎంత చెప్పినా కింద పడడం లేదు. ఎందుకో తెలుసా? చిన్నప్పుడు వీధి పిల్లలు ఏడిపిస్తుంటే "ఎవరు కొట్టినా ఊరుకోవద్దు, నిలబడు" అని నేర్పావట. అది వాడి ఒంట్లోకి ఇంకిపోయింది. దానికి తోడు మా భీముడు ఎవరినీ తాకదు. రంగప్రియ గద ఎత్తి, జాగ్రత్తగా గాలిలో ఆపి, "కొడతా ఉండా. తగల్లేదు. పడు" అంటుంది. నీ కొడుకు "తగల్లేదు గదా, ఎందుకు పడాల?" అంటాడు. రంగప్రియ ఆలోచించి "నిజమే" అని గద దింపేస్తుంది. ఇద్దరూ పోయి మజ్జిగ తాగుతారు. ఇప్పటిదాకా ప్రతి రిహార్సల్లోనూ కురుక్షేత్రం ఇలాగే ముగిసింది.

పరంధామయ్య తల పట్టుకున్నాడు. "ఇంతకాలం నేను పడినాను, సచ్చినాను. ఎందుకు పడాలని ఒక్కసారైనా అడగలేదే" అని రెండు వారాలు దిగులుగానే వచ్చిపోయాడు. చివరికి ఆయనే దారి కనిపెట్టాడు. "ఢిల్లీబాబూ, పడే ముందర దుర్యోధనుడు ఒక మాట మాట్లాడొచ్చునప్పా. మైకులో. నీ ఇష్టమొచ్చింది. ఆయన మాట అయిపోయేదాకా భీముడు కొట్టగూడదు. అయిపోయినాక దుర్యోధనుడు పడాల" అన్నాడు.  నీ కొడుకు "మైకు పెద్దదా?" అని అడిగాడు. పెద్దదే అన్నాడాయన. "అయితే పడతా" అన్నాడు. ఆ సాయంత్రం మొదటిసారి పడ్డాడు. కౌస్తుభ్ చప్పట్లు కొడితే లేచి మళ్లీ పడ్డాడు.

ఆ మాట ఏమిటో ఎవరికీ చెప్పడం లేదు. రిహార్సల్లో ఆ చోటు రాగానే "ఇప్పుడు మాట" అని ఊరుకుని కింద పడిపోతున్నాడు. నేను బతిమాలినా, జిలేబీ ఆశ చూపినా లాభం లేకపోయింది.

వాడు నిజంగా చావడు. నువ్వు రావాలి. వదినగా ఆజ్ఞ వేయడం కాదు, బతిమాలుతున్నాను.

వసంతమ్మ


బంగారుపాళ్యం,
మే 2.

వదినా,

రాకేం చేస్తాను, ఆట జరిగేది మా వీధి చివరే కదా.

నీకన్నా ముందే నీ మనుషులు దిగారు. కౌస్తుభ్ మా ఇంట్లోనే ఉన్నాడు. అద్దం ముందు నుంచి కదలడం లేదు. రంగప్రియకు వేరే కంచం, వేరే చాప, వాటి పక్కన ఎవరూ నడవకుండా ముగ్గుపిండితో గీత గీశాను. మీ తమ్ముడు మర్చిపోయి ఆ గీత తొక్కితే "పెదనాయనా, వెనక్కి పో" అంది. ఆయన వెనక్కి పోయాడు. ఆ పిల్ల నాకు బాగా నచ్చింది.

మట్టి దుర్యోధనుడు తయారవుతున్నాడు. కళ్లకు టెంకాయ చిప్పలు, మీసానికి కొబ్బరి పీచు, పళ్లకు గవ్వలు. ముందు పన్ను ఒకటి పెట్టకుండా వదిలేశారు. పరంధామయ్యకు అక్కడ పన్ను లేదు కాబట్టి దుర్యోధనుడికీ ఉండకూడదట. పొట్ట మాత్రం నా కొడుకు తన పొట్ట చూసుకుంటూ చేశాడు. నేను నీళ్ల బిందెతో అటు పోతే "అమ్మా, తొక్కొద్దు, అది నా కాలు" అన్నాడు. బిందె అక్కడే దించేసి ఇంటికి వచ్చేశాను.

ఫ్యాక్టరీ వాళ్లు గేటు దగ్గర వాడికి కుర్చీ కూడా వేశారు. నీలం కుర్చీ. ఫ్యాక్టరీ తెరిచిన రోజే కూర్చోబెడదామని మీ తమ్ముడంటున్నాడు. నువ్వు ఇక వాదించొద్దు.

జాడీ కట్టి పెట్టాను. వచ్చినప్పుడు తీసుకో.

లోకేశ్వరి


తిరుపతి,
మే 19.

లోకేశ్వరికి,

నా నడుము ఇంకా లేవలేదు. కుండ నిలవడం లేదని ఆ మట్టి తొడ వెనక పడుకుని రెండు చేతులతో పట్టుకున్నాను కదా, నాకు ఏమీ కనిపించలేదు. ఎర్రనీళ్లు పోతాయని చెవుల్లో దూది కుక్కుకున్నాను, మైకులో మాటలేవో తెలియలేదు, కేకలు మాత్రం వినిపించాయి. రంగప్రియ గద దిగింది, ఎర్రనీళ్లన్నీ నా నెత్తిన పడ్డాయి. ఎన్నిసార్లు తలంటుకున్నా పోవడం లేదు. వీధిలో అందరూ జుట్టుకు రంగేసుకున్నానని అనుకుంటున్నారు.

మరుసటి రోజు పొద్దున్నే మిగిలిన జట్టును వెంటబెట్టుకుని బస్సెక్కేశాను, నీతో మాట్లాడే తీరిక కూడా దొరకలేదు. మీ ఇంట్లో నాలుగు రోజులుండి, నీ కొడుకు నిన్న నవ్వుకుంటూ దిగాడు. ఏం జరిగిందని అడిగితే "మాట సెప్పినా" అంటాడు. కౌస్తుభ్‌ని అడిగితే నవ్వుతాడు. రంగప్రియ "రూలు ప్రకారం జరిగింది" అంటుంది. వీళ్లతో నేను వేగలేను. నువ్వు రాయి.

వసంతమ్మ


బంగారుపాళ్యం,
జూన్ 1.

వదినా,

ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం సిగ్గు. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తాను.

ఎండ చురుక్కుమంటోంది. పొద్దున్నుంచి ఊళ్లో పొయ్యి వెలగలేదు. ఆడవాళ్లం చీపుర్లు పట్టుకుని బొమ్మకు ఒక పక్కన నిలబడ్డాం. మగవాళ్లు షామియానా కింద కూర్చున్నారు. నా కొడుకు ఆ అట్ట కిరీటంతో, ఆ మీసంతో బొమ్మ చుట్టూ తిరుగుతుంటే ఊరంతా ఈలలు వేసింది. నేను దిష్టి తీయలేదే అని అనుకుంటున్నాను. అప్పుడు పరంధామయ్య "సుయోధనా, నీ ఆఖరి మాట సెప్పు" అని మైకు ఇచ్చాడు.

వాడు మైకు రెండు చేతులతో పట్టుకుని, "నేను ఫ్యాక్టరీ గేటుకు పోను. తిరుపతిలో ఉంటా. నాయనా, సరేనా?" అన్నాడు.

మీ తమ్ముడు అటూ ఇటూ చూశాడు. "ముందు పడరా. ఇంటికి పోయి మాట్లాడుకుందాం" అన్నాడు.

"పడను. ముందు సెప్పు."

రంగప్రియ గద పక్కన పెట్టి, "మాట అయిపోలేదు. నేను కొట్టను" అని కూర్చుంది. జుట్టు విరబోసుకున్న ద్రౌపది నేల మీద చతికిలబడి "ఆకలి" అన్నాడు. ఇక చూసుకో, ఊరికి అప్పుడు గుర్తొచ్చింది ఆకలి. "రామచంద్రా, ఒప్పుకోబ్బా, పిలకాయలు అలమటిస్తా ఉండారు" అని మీ తమ్ముడితో ఒకడు. "మా ఇంట్లో సుగర్ జబ్బు ఆయప్ప ఉండాడు, పడిపోతాడు" అని ఒకామె. "దుర్యోధనుడు పడలేదంటే వాన కురవదు" అని ఇంకొకడు. నేను మాటలు మానేసిన ఎదురింటామె అందరికంటే గట్టిగా అరిచింది. పరంధామయ్య మాత్రం తలాడిస్తూ "న్యాయమైన మాటే అడిగినాడు" అన్నాడు.

మీ తమ్ముడు చివరికి లేచాడు. లేచి, నా పెళ్లయినప్పటి నుంచి ఎన్నడూ మాట్లాడనంత పొడుగు మాట మాట్లాడాడు. "నాదేముండాదిరా? నువ్వు యాడ బాగుంటే ఆడ ఉండు. నేను ఏ పొద్దూ వద్దనలేదు. మీ అమ్మనడుగు."

ఊరంతా నా వైపు తిరిగింది. నేను చీపురు పట్టుకుని ఉన్నాను.

వదినా, నీకు ముందే తెలుసేమో. మీ తమ్ముడు ఫ్యాక్టరీ మాట ఎత్తనేలేదు. యజమాని దగ్గరికి పోయి అడిగింది నేను. కుర్చీ నీలం రంగుది కావాలన్నదీ నేనే. ఖాళీ మంచం చూసి నిద్ర పట్టనిది నాకు. వాడు పుట్టినప్పటి నుంచి వాడికి తల దువ్వడం, వాడి వెనకాల తిరగడం తప్ప నాకు వేరే పని లేదు. వాడు తిరుపతికి పోయాక పొద్దున లేచి ఏం చేయాలో తెలియక అరుగు మీద కూర్చునేదాన్ని. ఆ మాట నీకు రాయడానికి నామోషీ వేసి ఆయన పేరు పెట్టాను.

నా కొడుకు మైకు తీసుకుని నా దగ్గరికే వచ్చాడు. "అమ్మా, సెప్పు" అన్నాడు. మైకు నా నోటి దగ్గర పెట్టాడు. ఊరందరి ముందూ నా నోటికి వచ్చింది ఒక్కటే. "నువ్వు లేకుంటే నాకు పొద్దు పోదురా."

వాడు నా ముఖంలోకి చూశాడు.  మెల్లగా, "నాకు ఆడ పొద్దు సాలదమ్మా" అన్నాడు.

 నువ్వు అన్నన్ని పేజీలు రాసినా నాకు ఎక్కలేదు. వాడు చెప్పిన ఒక్క మాట ఎక్కింది. "సరే. పో" అన్నాను. మైకులో నా గొంతు నాకే వేరేగా వినిపించింది.

వాడు రంగప్రియ వైపు తిరిగి "అయిపోయింది. కొట్టు" అన్నాడు. ఆ పిల్ల కొట్టింది, నీ నెత్తి తడిసింది, వాడు పడ్డాడు. ఏం పడ్డాడు వదినా! మొదట ఒక మోకాలు, తరవాత ఇంకొకటి, తరవాత కిరీటం తీసి పక్కన జాగ్రత్తగా పెట్టి, అప్పుడు వెల్లకిలా. మీ తమ్ముడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఒకవైపు ఇళ్లల్లో పొయ్యిల పొగ లేస్తోంది.

ఆడవాళ్లందరూ బొమ్మ మీదికి ఉరికారు. నా చెయ్యి లేవలేదు. ఆ పొట్ట వాడిదే, ఆ కాలు వాడిదే. నేను అలాగే నిలబడి ఉంటే చచ్చిపోయినవాడు ఒక కన్ను తెరిచాడు. "కొట్టుమా. అది బొమ్మ. నేను ఈడుండా" అన్నాడు. కొట్టాను వదినా. కొట్టిన తరవాత ఆపడానికి ఎదురింటామె రావలసి వచ్చింది. ఇప్పుడు మేం మాట్లాడుకుంటున్నాం.

టోకెన్లు ఇచ్చే పని ఎవరు చేస్తారని యజమాని అడిగాడు. నేనే చేస్తానన్నాను. ఎల్లుండి నుంచి పోతున్నాను. కుర్చీ సుఖంగా ఉంది, కూర్చుని చూసి వచ్చాను.

వాడిని బస్సెక్కించడానికి నేనొక్కదాన్నే పోయాను. ఎక్కబోతూ ఆగి, "అమ్మా, ఏడుస్తావా?" అని అడిగాడు. ఏడుస్తానన్నాను. వాడు వేళ్ల మీద రోజులు లెక్క వేసుకుని, "సరే. శనివారం ఫోన్ సేస్తా. అంతలోకి ముగించు" అని ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

నీ మరదలు,
లోకేశ్వరి